సొలాంజ్ ముందు ఏడు గ్లాసులు

మా సొలాంజ్ పుట్టింది అరవై మూడో సంవత్సరం అక్టోబరులో. మూడు వారాలుగా వాన వదలడం లేదు. తీగల మీదే ద్రాక్ష కుళ్ళిపోతుంటే ఊరు ఊరంతా బురదలో దిగి, ఒక్కో గుత్తిలోంచి పనికొచ్చే పండ్లు ఏరుతున్నాం. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నిండు నెలలతో ఉన్న మా అక్క ఒదెత్ వరస చివర బుట్ట దించి, "మార్సెలిన్, ఇక నా వల్ల కాదే," అంది. సాయంత్రానికల్లా ఆడపిల్ల. మా బావ ఆబెల్ పీపాల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి, పిల్ల మొహం కూడా చూడకుండా, "ఇవాళ వచ్చిన కాయలో కుళ్ళు ఎంతుంది?" అని నన్నడిగాడు.

"కుళ్ళు సంగతి తర్వాత. నీ కూతురు ఎంత బరువుందో అడగవయ్యా మహానుభావా!" అన్నాను. ఆ మాట ఆయనకి ఇప్పటికీ గుర్తుంది. గుర్తు లేకపోతే నేనే గుర్తు చేస్తుంటాను.

నేను వైను తయారుచేసే మా దొరగారి కోట శాతో పుయ్‌బార్దెన్‌లో వంటమనిషిని. నలభై రెండేళ్ళుగా ఆ పొయ్యి నాదే. పీపాల్లో వైను తేటపడడానికి గుడ్ల తెల్లసొన వేస్తారు కదా, ఆ తెల్లసొన మా బావకి, మిగిలిన పచ్చసొన నాకు. దాంతో నేను చేసే కేకులు తిని ఈ ఊళ్ళో ఎంతమంది లావెక్కారో లెక్కలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సొలాంజ్ గురించి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదని. వాళ్ళమ్మకి చెల్లెల్ని, దానికి పిన్నిని. అది పారాడింది కూడా నా వంటింటి నేల మీదే.

మా దగ్గర మనిషికి పుట్టిన ఏడు ఇంటిపేరులాగా అంటుకుపోతుంది. అరవై ఒకటిలో పుట్టినవాడు పనికిరాని సన్నాసి అయినా ఛాతీ విరుచుకుని తిరుగుతాడు, ఎందుకంటే ఆ ఏటి వైను గొప్పది. మా సొలాంజ్ అరవై మూడు. ఆ ఏడు వైను ఎంత దరిద్రంగా వచ్చిందంటే, శాతో తన పేరు కూడా వేసుకోలేదు. కాగితం అతికించని సీసాల్లో పోసి, ఇంట్లో వాడకానికీ కూలీలకీ ఇచ్చేశారు. కోతల చివరి రోజు విందులో కుర్రాళ్ళు దాన్ని ఏడిపించేవాళ్ళు.

"ఏయ్ అరవై మూడూ, కాస్త దూరంగా కూర్చో. బూజు అంటుకుంటుంది!"

"నువ్వు అరవై ఒకటివి కదరా," అనేది ఇది, ఎనిమిదేళ్ళ పిల్ల. "మరి అంత మంచి ఏడులో పుట్టి నీ మొహమేంటి అంత పుల్లగా ఉంది?"

నోట్లో మాట నోట్లో ఉండగానే జవాబు. ఆ నోరు నాదే అని మా అక్క అనేది. అనుకోనీ.

ఆ అరవై మూడో ఏటి వైనే మా ఇళ్ళలో ఇరవై ఏళ్ళు తాగాం. తడిసిన గోనె సంచి వాసన, వెనకాల కాస్త పుట్టగొడుగు. మా బావ రోజూ రాత్రి సూపు అయిపోవచ్చేసరికి పళ్ళెంలో మిగిలిన నాలుగు చెంచాల్లో ఇంత వైను పోసి, తిప్పి, పళ్ళెం అంచు నోటికి పెట్టుకుని తాగేవాడు. మొదటి గుక్క మాత్రం కూతురికి. "ఇది నా వైను," అని అది మూతి తుడుచుకునేది. ఊరంతా తిట్టుకునే ఆ వైనుని ప్రేమగా తాగిన మనిషి భూమ్మీద అది ఒక్కతే అయ్యుంటుంది.

మా బావ పద్నాలుగో ఏట పీపాలు కడగడానికి చేరాడు. ముప్పై నాలుగో ఏట వైను పీపాలుండే మాళిగకంతటికీ మేస్త్రీ అయ్యాడు. ఆయన ముక్కు అలాంటిది. కళ్ళకి గంతలు కట్టి గ్లాసు ఇస్తే ఏ ఏడో, తోటలో ఏ మూలదో చెప్పేవాడు. బోర్డో వ్యాపారులు ఆయన ముందు నోరెత్తడానికి జంకేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు. అది వేరే సంగతి.

పాతకాలం వాళ్ళకి ఒక పిచ్చి ఉండేది. ఆడది మాళిగలో అడుగు పెడితే వైను విరిగిపోతుందట. ఎనభై ఐదు జనవరిలో ఎముకలు కొరికే చలి పడి, మగవాళ్ళు సగం మంది మంచాలెక్కారు. సరిగ్గా అప్పుడే పాత సీసాల బిరడాలు మార్చే పని వచ్చిపడింది. ముప్పై ఏళ్ళకోసారి చేస్తారది. బిరడా పాడవుతుంది, సీసాలో వైను మట్టం తగ్గుతుంది. అందుకని అదే ఏటి సీసా ఒకటి విప్పి, దాంతో మిగతావాటిని గొంతు దాకా నింపి, కొత్త బిరడా కొడతారు. ఒక ఏటి వైనులో ఇంకో ఏటి చుక్క పడకూడదు. ఈ విషయంలో మా మాళిగలో దేవుడికి కూడా మినహాయింపు లేదు. ఆ పనికి చేతులు చాలక మా బావ ఇరవై ఒక్క ఏళ్ళ సొలాంజ్‌ని లోపలికి తీసుకెళ్ళాడు. ముసలాళ్ళు గొణిగారు. "అది వచ్చినందుకు వైను విరిగితే నా మీసం తీయించుకుంటా," అన్నాడు మా బావ. వైను విరగలేదు. సొలాంజ్ మళ్ళీ బయటికి రాలేదు.

పంతొమ్మిదేళ్ళు. పీపాలు మోసింది, కడిగింది, కొవ్వొత్తి వెలుగులో మడ్డి రాకుండా వైను వంచడం నేర్చుకుంది. తండ్రి దగ్గర తిట్లు తిన్నది. పెళ్ళి మాటలు వచ్చాయి, పోయాయి. ఒకాయన బాగానే తిరిగాడు గానీ, దీని చేతుల నుంచి ఎప్పుడూ పీపాల వాసన వస్తుందన్నాడట. "అది వాసన కాదురా, వాసన గురించి నీకేం తెలుసు," అని పంపించేసింది. నాకు కడుపు మండింది గానీ, మాట మాత్రం నచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. మా బావకి అరవై ఐదు నిండాయి, దిగిపోవాలి. పుయ్‌బార్దెన్‌లో మాళిగ తాళాలు ఊరికే చేతులు మారవు. ద్రాక్ష రైతుల పండుగ సెయింట్ విన్సెంట్ రోజున, భోజనానికి ముందు, తాళాలు అడిగే మనిషి దొర బల్ల ముందు కూర్చోవాలి. ఏడు గ్లాసులు, ఏడు పాత ఏళ్ళు. సీసాలు దొర స్వయంగా ఎంచి, స్వయంగా పోస్తాడు. ఏది ఏ ఏడో చెప్పి వరసగా పేర్చాలి. మా బావ తన రోజున ఏడుకి ఏడూ చెప్పాడు. మా దొర మొస్యూ గిల్యెమ్ మంచివాడే గానీ, మాట కచ్చితం. ఒక్కటి తప్పినా బోర్డో నుంచి చదువుకున్న కుర్రాడు వస్తాడన్నాడు. ఆ కుర్రాడు ఒకసారి వచ్చి వెళ్ళాడు కూడా. మర్యాదస్తుడే. బూట్లకి ఒక్క మట్టి మరక లేదు. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

పండుగకి రెండు రోజుల ముందు సొలాంజ్ నా వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చుని బంగాళదుంపలు ఒలుస్తోంది. ఒలుస్తోందా, నరుకుతోందా తెలీదు.

"పిన్నీ, ఆ తాళాలు ఇంకొకడి నడుముకి వేలాడుతుంటే రోజూ చూస్తూ నేనుండలేను."

"ఉండక ఏం చేస్తావే?"

"వెళ్ళిపోతా. బోర్డోలో ఏ ఫ్యాక్టరీలోనో మూతలు బిగిస్తా. నలభై ఏళ్ళొచ్చాయి, ఆ మాళిగ తప్ప నాకేం తెలుసు చెప్పు?"

దుంపలు లాక్కుని, "ముందు వీటిని చంపడం ఆపు," అన్నాను. తర్వాత పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

పండుగ రోజు పదకొండు గంటలకి భోజనాల గదిలో నలుగురమే ఉన్నాం. దొర, మా బావ, సొలాంజ్, రొట్టె ముక్కల బుట్టతో నేను. తెల్ల గుడ్డ మీద ఏడు గ్లాసులు. సొలాంజ్ వాళ్ళమ్మ నీలం స్వెటరు వేసుకొచ్చింది. సబ్బు వాసన కూడా ఉండకూడదని పొద్దున్నే చన్నీళ్ళతో స్నానం చేసిందట, పిచ్చిపిల్ల, జనవరిలో.

మొదటి గ్లాసు ఎత్తి వెలుతురుకి పెట్టింది. అంచు దగ్గర ఇంకా దానిమ్మ రంగు ఉంది. "ఇది డెబ్భై. ఇంకా తనకి వయసొచ్చిందని ఒప్పుకోవడం లేదు," అంది. దొర తల ఊపాడు. రెండోది వాసన చూసి నవ్వింది. "యాభై తొమ్మిది. ఆ వేసవి ఎండంతా ఇందులోనే ఉంది, ఉడికించిన రేగుపండు లాగా." మూడోది అరవై నాలుగు. "వానలకి ముందు కోసింది బాగుంది, తర్వాత కోసింది బాలేదు. ఒకే ఇంట్లో పడని తోడికోడళ్ళు." నాలుగోది అరవై ఒకటి. దాన్ని నోట్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అరవై ఒకటి ముందు అంతే, ఎవరికైనా నోరు పడిపోతుంది. ఐదోది నలభై తొమ్మిది, ఇటుక రంగు, ఎండుటాకుల వాసన. ఆరోది యాభై ఐదు. "నెమ్మదైన మనిషి. ఎవరూ పొగడరు, ఎవరూ తిట్టరు," అంది. ఒక్కటీ తప్పలేదు. మా బావ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మీసాల చాటున నవ్వు దాచుకోలేక అవస్థ పడుతున్నాడు. నేనైతే మనసులో బోర్డో కుర్రాడి బూట్లకి వీడ్కోలు చెప్పేశాను.

ఏడో గ్లాసు ఎత్తింది. వాసన చూసింది. ఆగింది. మళ్ళీ చూసింది. ఒక గుక్క నోట్లో వేసుకుని, ఉమ్మేసి, గ్లాసు మెల్లగా కింద పెట్టింది. తండ్రి వైపు ఒక్క రెప్పపాటు చూసి, చూపు తిప్పేసుకుంది. నేనూ మా బావ వైపు చూశాను. మనిషికి సున్నం కొట్టినట్టయింది. చేతులు రెండూ బల్ల కింద దాచుకున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు దొర.

"ఇది చెప్పలేను దొరగారూ."

"తొందరేం లేదు. ఇంకో గుక్క తీసుకో."

"అక్కర్లేదండీ. చెప్పలేను."

"ఊహించైనా ఒక ఏడు చెప్పు. ఆరు చెప్పినదానివి!"

సొలాంజ్ తల అడ్డంగా ఊపింది. నా ప్రాణం ఆగలేదు. "సొలాంజ్! మతిగానీ పోయిందా? నోటికొచ్చింది ఏదో ఒకటి చెప్పవే!" అని అరిచాను.

"మార్సెలిన్, మీరు కాస్త ఊరుకోండి," అన్నాడు దొర.

ఊరుకోవడం నాకు చేతకాదు గానీ ఊరుకున్నాను. దొర నిట్టూర్చి, బల్ల మీదున్న తాళాల గుత్తి తన వైపు లాక్కున్నాడు. "నాకూ బాధగానే ఉందమ్మా. కానీ మాటంటే మాటే. బోర్డోకి ఉత్తరం రాస్తాను."

సొలాంజ్ లేచి నిలబడింది. ఏడవలేదు. గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది. అప్పుడు మా బావ లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"దొరగారూ, అది యాభై మూడు," అన్నాడు. "కానీ మొత్తం యాభై మూడు కాదు."

"నాన్నా, కూర్చో," అంది సొలాంజ్.

"కూర్చున్నది చాలు. పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాను." బల్ల అంచు పట్టుకున్నాడు. "ఎనభై ఐదులో యాభై మూడు సీసాలకి బిరడాలు మార్చినప్పుడు నాకు జలుబు. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మేస్త్రీకి ముక్కు పనిచేయట్లేదంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నింపడానికి ముందురోజు గుమ్మం దగ్గర బల్ల మీద నిలబెట్టి ఉంచిన సీసా విప్పాను. బిరడా పొడి పొడి అయిపోయింది, దాని మీద ఏడు కనపడలేదు. పద్నాలుగు సీసాలు నింపాను. మూడు రోజులకి జలుబు తగ్గాక, అడుగున మిగిలిన చుక్క నాలిక మీద వేసుకున్నాను. అరవై మూడు, దొరగారూ. కూలీలకిచ్చిన అరవై మూడు. అప్పటికి ఆ పద్నాలుగూ మిగతావాటిల్లో కలిసిపోయాయి. ఏవి అవో నాకే తెలీదు. మీ నాన్నగారికి చెబుదామనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. అలా పంతొమ్మిదేళ్ళయింది. మీ బల్ల మీద యాభై మూడు విప్పినప్పుడల్లా ఏదో పని ఉందని గదిలోంచి తప్పుకునేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఏ మొనగాడూ కనిపెట్టలేదు. ఇది మొదటి వాసనకే పట్టేసింది. ఆ వైనుతో పెరిగింది కదా."

మా బావ అబద్ధం ఆడగలడని నేను కలలో కూడా అనుకోలేదు. ముందు ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే ఇంకొకటి తట్టింది. ఆయన నిలబెట్టిన యాభై మూడు ఉన్నచోట అరవై మూడు ఎలా వచ్చింది? ఆ వారం నేను పాముచేప కూర వండాను. నదిలో దొరికే పాముచేపని దాని రక్తంతో, ఎర్ర వైనుతో వండుతాం మేము. అందుకని అరవై మూడు సీసా ఒకటి మాళిగ గుమ్మం దగ్గర బల్ల మీద నిలబెట్టి, మర్నాడు పొద్దున్నే చేతికందిన సీసా పట్టుకుపోయాను. ఒకేలాంటి సీసాలు. పాత సీసాలకి కాగితం గేటు దాటేముందే అతికిస్తారు, అప్పటికి ఏ సీసాకీ లేదు.

"దొరగారూ," అన్నాను, రొట్టె బుట్ట బల్ల మీద పెట్టి. "ఆ యాభై మూడు నా చేపల కూరలోకి పోయింది. మీ నాన్నగారు మూడుసార్లు వడ్డించుకున్నారు. పళ్ళెం రొట్టెతో తుడిచి మరీ తిన్నారు. అది నా చేతి మహిమ అని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకు తిరిగాను."

దొర నన్ను చూశాడు. పెదవి ఒక పక్క కదిలింది గానీ నవ్వు కాలేదు. సొలాంజ్ వైపు తిరిగాడు.

"నీకు తెలిసీ దాచావు. నా మాళిగలో దాచేవాళ్ళు నాకు వద్దు. ఇప్పటికే ఒకరున్నారని తెలిసింది."

"అది దాచలేదు!" మా బావ బల్ల మీద చెయ్యి వేసి కొట్టాడు. దొర ముందు ఆయన గొంతు పెంచడం అదే మొదలు, అదే ఆఖరు. "యాభై మూడు అని ఒక్క మాట అంటే తాళాలు దాని చేతికొచ్చేవి. మీకు తెలిసేది కాదు, ఎవ్వరికీ తెలిసేది కాదు. మీకు అబద్ధం చెప్పలేక, నన్ను వీధిలో నిలబెట్టలేక, నోటి దగ్గరి కూడు తనే తోసేసుకుంది. నేను పంతొమ్మిదేళ్ళలో చెయ్యలేనిది అది ఒక్క నిమిషంలో చేసింది. దాన్ని పంపించకండి. పంపించాల్సింది నన్ను."

"ఏమమ్మా?" అన్నాడు దొర.

"ఆ గ్లాసుకి ఒక ఏడు పేరు పెడితే అబద్ధమవుతుందండీ," అంది సొలాంజ్.

దొర ఏడో గ్లాసు అందుకుని వాసన చూశాడు. తాగాడు. మళ్ళీ తాగాడు. "నాకేమీ తెలియట్లేదు," అన్నాడు చివరికి. "నాకు ఇందులో తప్పే కనపడట్లేదు. నాకు తెలియనిది తెలిసిన మనిషే నాకు కావాలి." తాళాల గుత్తి బల్ల మీద ఆమె వైపు తోశాడు. "ఒక్క యాభై మూడు సీసా కూడా ఇకనుంచి గేటు దాటకూడదు. ఆ పద్నాలుగింట్లో మిగిలినవి ఏవో తేలే దాకా." మా బావతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన వైపు చూడకుండానే గదిలోంచి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మా బావ టోపీ తీసుకుని బయటికి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను. రోజూ వెళ్ళే దారి మాళిగ ముందు నుంచి. ఆయన అటు వెళ్ళకుండా, కూరగాయల తోట చుట్టూ తిరిగి బురదలో పోతున్నాడు. ఏభై ఏళ్ళు ఆ మాళిగలో తలెత్తుకు తిరిగిన మనిషి ఒక్క గంటలో కుంగిపోయాడు. తిడదామని వెళ్ళినదాన్ని, చెయ్యి పట్టుకున్నాను. ఇంతలో సొలాంజ్ తాళాలు గలగలలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా! ఎక్కడికి?"

"ఇంటికి. పెద్ద తలుపు తాళం కొంచెం ఎడమకి ఒత్తి తిప్పాలి. ఊరికే బలవంతం చెయ్యకు."

"తెలుసు."

"ఆగ్నేయం మూల నీరు కారుతుంది. మార్చిలో చూసుకో. నేనిక ఆ గుమ్మం తొక్కను."

"రేపు పొద్దున్న ఏడింటికి రా," అంది సొలాంజ్. "యాభై మూడో ఏటివి నూట పది సీసాలున్నాయి. అన్నీ విప్పి, వాసన చూసి, కలిసినవి వేరు చేసి, మళ్ళీ బిరడాలు కొట్టాలి. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు."

"దొర ఎలా వెళ్ళిపోయాడో చూశావుగా."

"మాళిగలోకి ఎవరు రావాలో చెప్పేది మేస్త్రీ. అది నువ్వే నేర్పావు. మేస్త్రీని నేను. రమ్మంటున్నాను."

మా బావ తల దించుకుని బురద వంక చూస్తూ నిలబడ్డాడు. "నీకు నా మీద కోపం లేదా?"

"ఉంది. బోలెడుంది. ఏడింటికి రా." రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ తిరిగి, వేలు చూపించింది. "జలుబు చేస్తే మాత్రం ముందే చెప్పు. ఇంటికి పంపించేస్తా."

నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీలేదు. మా బావ మాత్రం టోపీ నెత్తిన పెట్టుకుని ఇంటి దారి పట్టాడు.

మర్నాడు నేను పొయ్యి వెలిగించడానికి వెళ్ళేసరికి ఆరున్నర. మా బావ అప్పటికే మాళిగ గుమ్మం ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "చలిలో ఎందుకు బావా, నా వంటింట్లో కూర్చోరాదూ," అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఏడింటికి సొలాంజ్ వచ్చి తలుపు తీసి, "రా," అనేదాకా లోపలికి అడుగు పెట్టలేదు.